చిరునామా గడిలో చుక్క

మొన్న మంగళవారం ఉదయం పది గంటల నలభై నిమిషాలకు గ్యాస్ కనెక్షన్ చిరునామా మార్చుకోవడానికి కంప్యూటర్లో ఒక ఫారం నింపుతున్నాను. ఇంటి నంబరు, వీధి, పిన్‌కోడ్ అయ్యాక 'దగ్గర్లోని గుర్తు' అని ఒక గడి వచ్చింది. పక్కన ఎర్ర నక్షత్రం, అంటే నింపి తీరాలి. మా సందులో చెప్పుకోదగ్గ గుర్తేమీ లేదు. ఒక చుక్క పెట్టి బటన్ నొక్కాను. ఫారం ఒప్పుకుని తర్వాతి పేజీకి వెళ్లిపోయింది.

గడిలో చుక్క పెట్టడం నాకు ఒకే ఒక్క మనిషి దగ్గర తెలుసు. ఆమెను మట్టి చేసి వచ్చి అప్పటికి పదకొండు రోజులు.

ఆమె పేరు రాయను. ఉంటే ఒప్పుకునేది కాదు. రుషికొండలో మాది చిన్న ఆఫీసు. ఆస్పత్రులకు, కాలేజీలకు, స్వచ్ఛంద సంస్థలకు మనుషుల వివరాలు ఎక్కించే ఫారాలు చేసిస్తాం. ఫారం వెనక ఆ వివరాలు ఏ టేబుల్లో, అంటే ఏ పట్టికలో, కూర్చోవాలి, ఏది దేనితో ముడిపడాలి అన్నది గీసేది నేను. గీసినదాన్ని పరీక్షించి తప్పులు పట్టేది ఆమె. నేను చేరేనాటికే ఆమెకు యాభై దాటాయి. డిగ్రీ మధ్యలో ఆపేసి, ఎక్కడో డేటా ఎంట్రీ ఆపరేటరుగా మొదలుపెట్టి, మా అందరికంటే ముందు నుంచీ ఈ పనిలో ఉన్న మనిషి అని మాత్రం చెప్పుకునేవారు.

ఆమె టేబుల్ మీద ఒక అట్టముక్క ఉండేది. రస్కుల డబ్బా అట్ట. మధ్యలో బ్లేడుతో అడ్డంగా ఒక చీలిక కోసి పెట్టుకుంది. ఫారంలో ఒక గడి మాత్రమే పట్టేంత చీలిక. కొత్త ఫారం చేతికిస్తే ఆ అట్టను తెరకు ఆనించి, చీలికలోంచి ఒక్కో గడినే చూసుకుంటూ కిందికి దిగేది. నవ్వకుండా ఉండటం కష్టమయ్యేది.

"నవ్వు బాబూ, నవ్వు. అన్నీ ఒకేపాలి సూస్తే అన్నీ మంచోళ్లలాగే కనపడతాయి" అనేది, తెర మీంచి కళ్లు తీయకుండానే.

ఫారం అచ్చు తీసి, ప్రతి గడి పక్కనా పెన్సిలుతో రెండు ప్రశ్నలు రాసేది. ఇది ఎవరు చదువుతారు? తప్పు పడితే దెబ్బ ఎవరికి? మొదటిదానికి సంతకంతో జవాబు ఇవ్వకపోతే ఆ గడి ముందుకు కదిలేది కాదు. 'రికార్డు కోసం' అని రాసిచ్చానొకసారి. కాగితం తిప్పి ఇచ్చేసింది. "రికార్డు కోసం ఏటి? రికార్డుకి కళ్లున్నాయా సదువుకోడానికి?"

ఆమె అనుమానం ఆఫీసుతో ఆగేది కాదు. పూర్ణా మార్కెట్లో ఆమెకు ఒక్కో దుకాణంలో ఒక్కో పేరు. బిల్లు వేసే ముందు పేరూ ఫోన్ నంబరూ అడుగుతారు కదా, నంబరు సరైనదే ఇచ్చి పేరు మార్చేది. గిన్నెల కొట్టులో రత్నం, మందుల షాపులో సులోచన, చెప్పుల షాపులో ఇంకెవరో. ఓ మధ్యాహ్నం మేం అన్నాలు తింటుండగా ఆమె ఫోన్ మోగింది. ఎవరో అమ్మాయి ఇంటి స్థలాల గురించి మాట్లాడుతోంది.

"ఎవులు కావాలమ్మా?" అని అడిగింది ఆమె. "రత్నం గారాండీ? ఆవిడ నానే."

ఫోన్ పెట్టేసి, ముద్ద కలుపుకుంటూ, లెక్క తేలినట్టు తల ఊపింది. "గిన్నెలోడు నెంబరు అమ్ముకున్నాడు. మొకం సూస్తే అనుకోలేదు."

ఆమెకు మా వాళ్లందరూ భయపడింది మాత్రం శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటలకి. ఏ ఫారమైనా బయటికి వెళ్లే ముందు ఆ వేళకి రెండు కుర్చీలు ఎదురెదురుగా వేయించేది. మధ్యలో టేబుల్ ఉండకూడదు, కంప్యూటర్ ఉండకూడదు. ఒక కుర్చీలో ఫారం తయారుచేసిన మనిషి అచ్చు కాగితం పట్టుకుని కూర్చోవాలి. రెండో కుర్చీలో ఆ ఫారం ఎవరి కోసమో అలాంటి మనిషి. ప్రశ్నలన్నీ పైకి, మొహం చూసి అడగాలి. అడగలేకపోయిన ప్రశ్న ఫారంలో ఉండకూడదు.

మొదటి శుక్రవారమే నాకు తగిలింది. ఒక ఆస్పత్రి ఫారం. ఎదుటి కుర్చీలో మా ఆఫీసు ఊడ్చే ఆవిడ. పేరు, వయసు, ఊరు బాగానే సాగాయి. ఆరో ప్రశ్న, ఎన్నిసార్లు కడుపు పోయింది అన్నది. కాగితం వైపు చూశాను, ఆవిడ మెడలో ఉన్న ఐడీ కార్డు తాడు వైపు చూశాను.

"అడుగు" అంది ఆమె, గోడకి ఆనుకుని నిలబడి.

"కష్టంగా ఉంది మేడమ్."

"నీ నోటికి రానిది గడికెలా వచ్చింది బాబూ? ఎర్ర నచ్చత్రం కూడా ఎట్టేవు దానికి."

ఆ ప్రశ్నను రిసెప్షన్ ఫారంలోంచి తీసి డాక్టరు చూసే పేజీలోకి మార్చాం. మార్చాక చూస్తే అది మొదటి నుంచీ అక్కడే ఉండాల్సింది.

ఇంకొక శుక్రవారం మత్స్యకారులకు తుపాను హెచ్చరికలు పంపడానికి ఒక స్వచ్ఛంద సంస్థ చేయించుకుంటున్న ఫారం వంతు వచ్చింది. ఆమె కింద ఒడ్డు నుంచి ఒక పెద్దమనిషిని పట్టుకొచ్చింది. లుంగీ సర్దుకుని, ఏసీ గాలికి చేతులు ముడుచుకుని కూర్చున్నాడు. అడగాల్సింది నేనే.

"మీ ఫోన్ నంబరు చెప్పండి."

"నాదేటి? మా ఇంటిదానిది సెప్తాను, రాసుకోండి."

"మీకు వేరే ఫోన్ లేదా?"

"ఇంటికంతా ఒకటే. నానూ, మా తమ్ముళ్లిద్దరూ, అందరం అదే నెంబరిత్తాం. దానికాడే ఉంటాది. వేటకి అట్టుకెల్తే తడిసిపోదేటి?"

"మరి మీరు సముద్రంలో ఉండగా తుపాను వస్తోందని మెసేజి పెడితే?"

"దానికెల్తాది."

"అప్పుడెలా?"

"అప్పుడేటి, అది మెసేజి సూసుకోని ఒడ్డున కూకోని ఏడుత్తాది. నాను అక్కడ సేపలు పడతంటాను."

అందరం నవ్వాం. ఆయనా నవ్వాడు. ఆమె నవ్వలేదు. "ఇప్పుడు నీ టేబులు సూపించు" అంది నాతో. నా టేబుల్లో ఒక మనిషికి ఒక నంబరు. ఒకే నంబరు రెండో మనిషి ఇస్తే తీసుకోకూడదని నేనే కట్టడి చేశాను. అంటే ఆ ఇంట్లో మొదటి అన్న పేరు ఎక్కుతుంది, తమ్ముళ్లిద్దరినీ ఫారం తిప్పి పంపేస్తుంది. ఎక్కిన అన్నకు కూడా కబురు అందదు. మొత్తం విప్పి మళ్లీ గీశాను. ఫోన్ ఇంటికి చెందింది, మనిషి ఆ రోజు ఎక్కిన పడవకు చెందాడు, పడవలో ఉన్న వైర్‌లెస్ సెట్టుకు వేరే టేబుల్. రెండు వారాలు ఆలస్యమైంది. మేనేజరు ఆ రెండు వారాలూ ఆమెతో మాట్లాడలేదు.

ఆమె వల్ల పనులు వెనకబడతాయని అందరికీ కోపం ఉండేది. నాకు కోపం కంటే అనుమానం ఎక్కువ. అన్నింటినీ అనుమానించే మనిషి తన సంగతి ఏం దాచుకుంటోంది అని. దీనికి నా పక్క సీటు కుర్రవాడు కొంత ఆజ్యం పోశాడు.

"బావా, మనందర్నీ దొంగల్లాగ సూత్తాది కదా, ఆవిడ కాగితాలెప్పుడైనా సూసేవా? స్టాఫ్ ఫారం నువ్వే కదా సేసింది. తెరిచి సూడు ఓపాలి."

తెరిచాను. అది చేయకూడని పని. ఆమె పెన్సిలు ప్రశ్నలకు నా దగ్గర జవాబు ఉండేది కాదు. పేరు, పుట్టిన తేదీ, ఫోన్, అత్యవసరమైతే పిలవడానికి చెల్లెలి నంబరు, అన్నీ ఉన్నాయి. 'శాశ్వత చిరునామా' గడిలో మాత్రం ఒక చుక్క. ఏటా వివరాలు సరిచూసుకోమని మేం అడిగినప్పుడల్లా ఆ చుక్కనే మళ్లీ పెట్టింది.

ఎవరినైనా తప్పించుకుని తిరుగుతోందా? సర్టిఫికెట్లు నిజమైనవేనా? నేను పుస్తకాలు బాగానే చదువుతాను. మనుషుల గురించి కొంత తెలుసని అనుకునేవాణ్ణి. అయినా ఆ చుక్క వెనక ఏదో తప్పు తప్ప ఇంకొకటి నా ఊహకు రాలేదు.

ఆ సాయంత్రం స్టాఫ్ ఫారంలో ఒక రూలు పెట్టాను. చిరునామాలో కనీసం పదిహేను అక్షరాలు ఉండాలి. లేనివాళ్లకి నింపేదాకా సిస్టమ్ తెరుచుకోదు. రూలు అందరికీ వర్తించేలా రాశాను. పట్టుకునేది ఒక్కరినేనని నాకు తెలుసు.

మర్నాడు ఉదయం ఆమె తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. నా సీటులోంచి కనిపిస్తోంది. ఆమె చుక్క పెట్టింది, ఫారం ఒప్పుకోలేదు. మళ్లీ పెట్టింది. తర్వాత అట్టముక్క తీసి తెరకు ఆనించి ఆ ఒక్క గడినీ చాలాసేపు చూసింది. లేచి, కుర్చీ ఈడ్చుకుంటూ వచ్చి, నాకు ఎదురుగా వేసుకుని కూర్చుంది. ఆ రోజు శుక్రవారం కాదు.

"అడుగు బాబూ."

"ఏమిటి మేడమ్?"

"తెర మీద అడిగినావు కదా. అదే. నోటితో అడుగు."

పక్క సీటువాడు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టేసుకున్నాడు.

"మీ శాశ్వత చిరునామా ఏమిటి మేడమ్?"

"కొండ మీద మూడో మెట్లవీధి. కుళాయి దాటేక ఎడంసేతి పక్క నాలుగో ఇల్లు. ఇప్పుడు ఇల్లు లేదు. ఆ మెట్లు కూడా లేవు."

మిగతాది కూడా ఆమె అదే గొంతుతో చెప్పింది, ఫారంలో తప్పులు చదివి వినిపించే గొంతుతో.

ఇరవైల్లో ఉండగా ఒక కాంట్రాక్టరు దగ్గర డేటా ఎంట్రీ చేసేది. కొండవాలు ఇళ్ల సర్వే కాగితాలు వచ్చాయి. కొండ దిగువ రోడ్డేదో వెడల్పు చేయాలి, ఇళ్లు పోయేవాళ్లలో ఎవరికి వేరే స్థలం ఇవ్వాలో తేల్చాలి. కాగితంలో ఒక గడి. 'ఈ ఇంట్లో ఎప్పటి నుంచి ఉంటున్నారు?' ఒక్క ఏడాది రాయడానికే చోటు.

"ఏ ఏడాది సెప్పారనుకున్నావు? స్లాబేసిన ఏడాది" అంది. "గుడిసె సంగతి ఎవులు సెప్పుకుంటారు బాబూ? ఇరవై ఏళ్లు తాటాకుల కింద తడిసినోళ్లు కూడా స్లాబు ఏడే సెప్పేరు, గొప్పగా. దానికి ముందున్నది ఇల్లని ఎవులనుకున్నారు? మాయమ్మ మరీను. సర్వే ఆయనకి టీ ఇచ్చి, తలెత్తి స్లాబు సూపించింది."

"మీకెలా తెలుసు మేడమ్?"

"ఆ కాగితం నా సేతికే వచ్చింది."

ఆమె చీర కొంగు మీద ఏదో మరక గోకింది.

"తప్పని తెలుసు. నాను పుట్టిందే ఆ గుడిసెలో. కాగితంలో ఏటుంటే అదే కొట్టాలని రూలు. ఒక్కటి మారిస్తే మిగతా కాగితాలన్నీ అడగాలి కదా. ఎవులు సదువుతార్లే అనుకున్నాను. కొట్టీసేను."

ఎవరో చదివారు. ఆ ఒక్క వరస చూసుకుని ఒక ఏడాది దగ్గర గీత గీశారు. గీత ఇవతల ఉన్నవాళ్లు కొత్తగా వచ్చినవాళ్లు, వాళ్లకి స్థలం రాదు. ఆ మెట్లవీధిలో చాలామంది ఇవతలే తేలారు. వాళ్లమ్మ ఒక అద్దె గదిలోకి మారి, అక్కడే పోయింది.

"పోయేదాకా ఆ సర్వే ఆయన్నే తిట్టుకుంది. నాను కొట్టేనని సెప్పలేదు. మా సెల్లికీ తెలీదు" అని లేచి, కుర్చీ పట్టుకుని నిలబడింది. "ఇప్పుడు సెప్పు. నీ గడిలో రాయమంటావా?"

"వద్దు మేడమ్."

"సరే. నీకు సెప్పేను. గడికి సెప్పలేదు." రెండు అడుగులు వేసి ఆగింది. "రూలు బానే రాసేవు. పదిహేనక్షరాలు. నాలాటోళ్లు ఇంకెవులైనా దొరికేరేటి ఆఫీసులో?"

"లేదు మేడమ్."

"అనుకున్నాను."

ఆ మధ్యాహ్నం రూలు తీసేశాను. ఆమె మళ్లీ చుక్క పెట్టింది. తర్వాత ఆ విషయం ఆమె ఎత్తలేదు, నాతో తేడాగా కూడా లేదు. తేడా నాలోనే ఉండిపోయింది. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఆమె చెప్పిందంతా నేను పూర్తిగా నమ్మలేదు. దేన్నైనా సరిచూడకుండా వదలకపోవడం నా పని. చుక్కను కాపాడుకోవడానికి ముందే అల్లిపెట్టుకున్న కథేమోనని ఒక మూల ఉండేది. సరిచూడటం కష్టమేమీ కాదు, చెల్లెలి నంబరు నా తెర మీదే ఉంది. చేయలేదు. సిగ్గుతో చేయలేదో, ఆమె అబద్ధం చెప్పిందని తేలితే బాగుండునని ఉండి చేయలేదో ఇప్పుడు చెప్పలేను.

ఆ తర్వాత కొన్నేళ్లకు ఆమె తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉండి చనిపోయింది. సమాధికి ముందు చర్చి ఆఫీసు గదిలో వాళ్ల చెల్లెలి వెనక నిలబడి ఉన్నాను. సంఘపెద్ద ఒకాయన లావుపాటి రిజిస్టరు తెరిచి, కళ్లజోడు పైకి తోసుకుని, ఆవిడ మొహం చూస్తూ ఒక్కొక్కటే అడిగాడు. పేరు, తండ్రి పేరు, వయసు.

"ఇల్లెక్కడమ్మా?"

"కొండ మీద మూడో మెట్లవీధండి. కుళాయి దాటేక ఎడంసేతి పక్క నాలుగో ఇల్లు."

"అది ఎప్పుడో పోయింది కదమ్మా. ఇప్పుడుంటున్నది అడుగుతన్నాను."

"ఇప్పుడుంటున్నది అద్దె కొంపండి. మీరు ఇల్లెక్కడని అడిగేరు."

ఆయన అదే రాశాడు.

"గుడిసెలప్పట్నించీ అని కూడా రాయండి" అంది ఆవిడ.

"అంత రాయడానికి సోటు లేదమ్మా."

"పక్కన రాయండి."

ఆయన రిజిస్టరు కొంచెం తిప్పి, అంచున నిలువుగా రాశాడు. కుళాయి, ఎడమచేతి పక్క, నాలుగో ఇల్లు. ఒక్క మాట తేడా లేదు. ఇన్నేళ్లూ దాచుకున్న అనుమానం అడక్కుండానే తీరింది. తీరినందుకు ఊరట కలగలేదు. ఆ కాగితం కొట్టింది ఎవరో ఆ గదిలో నాకొక్కడికే తెలుసు. చెల్లెలికి చెప్పలేదు.

మొన్న మంగళవారం గ్యాస్ ఫారంలో చుక్క పెట్టిన రోజే, మధ్యాహ్నం, మేనేజరు నా సీటు దగ్గరికి వచ్చాడు.

"ఆవిడ ఫైలు మూయాలయ్యా. ఒక్క గడి దగ్గర సిస్టమ్ ఒప్పుకోవట్లేదు. మూసేటప్పుడు శాశ్వత చిరునామా పూర్తిగా ఉండాలట. చుక్క పెట్టి ఉంది. నీకేమైనా తెలుసా?"

"దాన్ని ఎవరు చదువుతారు సార్?"

"ఎవరూ చదవరు. నిండాలి, అంతే. ఏదో ఒకటి కొట్టెయ్."

ఆయన చెడ్డవాడేమీ కాదు. సమాధి దగ్గర్నుంచి అందరికంటే చివర కదిలింది ఆయనే. కానీ ఆ మాట వినగానే నా చేతులు కీబోర్డు మీంచి లేచాయి. ఎవులు సదువుతార్లే అనుకున్నాను, అన్న గొంతు ఇంకా చెవిలోనే ఉంది.

తెలియదు సార్ అన్నాను. నాకు తెలుసు. కుళాయితో సహా తెలుసు. ఆ ఫైలు ఇంకా మూతపడలేదు. ఒక రికార్డు అసంపూర్తిగా ఉందని సిస్టమ్ రోజూ ఉదయం తొమ్మిదింటికి నాకొక మెయిల్ పంపుతోంది. చదివి పక్కన పెడుతున్నాను.

ఆమెను మట్టి చేసిన మరుసటి శుక్రవారం ఒక కాలేజీ ఫారం బయటికి వెళ్లాల్సి ఉంది. నలభై రెండు గడులు. మూడు గంటలకు పక్క సీటువాడు తలెత్తి నా వైపు చూశాడు.

"ఎవులు నిలబడతారు బావా, గోడ దగ్గర?"

నేను లేవలేదు. నాలుగింటికి ఫారం వెళ్లిపోయింది. రెండు కుర్చీల్లో ఒకటి రిసెప్షన్‌లోకి, ఒకటి మేనేజరు గదిలోకి వెళ్లాయి. మా ఆఫీసులో ఇప్పుడు ఫారంలోని ప్రశ్నల్ని ఎవరి మొహమూ చూసి అడగడం లేదు.